పాత గాలపు రీళ్లు: తయారీదారు గుర్తింపు, మరమ్మతు

గాలపు కర్ర పిడి దగ్గర బిగించి, దారాన్ని చుట్టుకోవడానికీ చేప లాగినప్పుడు వదలడానికీ వాడే చక్రాన్ని రీలు అంటారు. ఇత్తడి, జర్మన్ సిల్వర్, ఎబొనైట్, అక్రోటు కలప, తొలినాటి అల్యూమినియం మిశ్రమాలతో రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైనవాటిని సేకర్తలు సాధారణంగా పాత రీళ్లుగా లెక్కిస్తారు. వీటితో చేసే పని రెండు రకాలు. ఫలానా రీలును ఎవరు, ఎప్పుడు చేశారో తేల్చడం ఒకటి, బిగుసుకుపోయినదాన్ని మళ్లీ తిరిగేలా చేయడం రెండోది. బయటినుంచి చూసేవారికి ఇవి వేరు వేరు విద్యల్లా కనిపిస్తాయి. పని తెలిసినవారికి రెండూ ఒకటే, ఎందుకంటే రీలు మీద చెక్కిన పేరు చాలాసార్లు అమ్మినవాడిది. చేసినవాడి ఆనవాలు లోపల ఉంటుంది. అది చూడాలంటే విప్పాలి. విప్పడం చేతకాకపోతే ఆ ఆనవాలే చెరిగిపోతుంది.

హైదరాబాదులో రీళ్లు

హైదరాబాదు రీళ్లు వాడిన ఊరే తప్ప, వాటి తయారీకి పేరుపడిన ఊరు కాదు. 1562-63 ప్రాంతంలో కట్టిన హుసేన్ సాగర్, 1908 మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927), వీటి చుట్టూ లెక్కలేనన్ని చెరువులు, కుంటలు. ఇక్కడివారికి గాలం వేయడానికి రీలుతో పనిలేదు. వెదురు కర్ర, దారం, బెండు, వానపాము చాలు. కొర్రమీను దానికే పడుతుంది. రీలు వచ్చింది 1806లో ఏర్పడిన సికింద్రాబాదు కంటోన్మెంటుతో, బ్రిటిష్ రెసిడెన్సీ అధికారులతో. చెరువులో పెద్ద బొచ్చె గాలానికి తగిలితే దారం చాలా దూరం లాక్కుపోతుంది. అంత దారం పట్టే చక్రం అప్పుడు కావాలి. మద్రాస్ సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ద రాడ్ ఇన్ ఇండియా’, 1887లో ప్రత్యేకించి చెరువుల గురించే ‘ట్యాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా’ రాశాడు. దక్షిణాదిలో దొరల గాలపు సరదా ఎంత ముదిరిందో ఈ రెండో పుస్తకం పేరే చెబుతుంది. నదుల్లో వారి గురి మహసీరు మీద. 1946లో మైసూరు ప్రాంతపు కబిని నదిలో వాన్ ఇంజెన్ అనే ఆయన పట్టిన 120 పౌండ్ల మహసీరును నేటికీ రికార్డుగా చెప్పుకుంటారు. అంత చేపను ఆపిన రీలు ఎంత గట్టి పనితనం కలదై ఉండాలో ఊహించవచ్చు.

ఆ సామగ్రి చాలావరకు ఇంగ్లండు నుంచే వచ్చేది. ఆర్మీ అండ్ నేవీ కోఆపరేటివ్ సొసైటీ 1891లో బొంబాయిలో, 1901లో కలకత్తాలో అంగళ్లు తెరిచింది. తపాలాలో జాబితా తెప్పించుకుని సరుకు ఆర్డరు చేయడం కంటోన్మెంటు కుటుంబాలకు మామూలే. దేశంలో చేసిన రీళ్లూ ఉన్నాయి. కలకత్తా చెరువుల్లో రోహు, బొచ్చె కోసం వాడిన పెద్ద వ్యాసపు ఇత్తడి చక్రాలు ఒక తరహా. వాటి మీద పేరు లేకపోవడమే మామూలు.

యజమానులు వెళ్లిపోయాక ఈ వస్తువులు అటకల మీదికి, అక్కడినుంచి పాత సామాన్ల సంతలకు చేరతాయి. నగరంలో ఇలాంటివి వెతకాల్సిన చోట్లు రెండు: గురువారం జుమేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత. ఎర్రగడ్డ అమీర్‌పేట నుంచి మెట్రోలో మూడో స్టేషను. పాత కెమెరా, కుట్టుమిషను చక్రం, ఇత్తడి తాళం, మీటరు పెట్టెల మధ్య రీలు ఉన్నా అమ్మేవాడికి అదేమిటో తెలియకపోవచ్చు. ఏదో మిషను భాగమనుకుని తూకానికి ఇచ్చేస్తాడు. తెలిసినవాడైతే ధర పలకడం మొదలుపెడతాడు. రీలు బాగోగుల విషయంలో మాత్రం మొదటివాడే నయం, ఎందుకంటే దాన్ని తోమి మెరిపించి ఉండడు.

రీళ్లు బాగుచేయడమే వృత్తిగా ఉన్నవారు ఇక్కడ కనపడరు. కానీ ఆ పనికి కావలసిన చేతులు అమీర్‌పేట చుట్టుపక్కలే ఉన్నాయి. పంజాగుట్ట, అమీర్‌పేట గల్లీల్లో గడియారాలు బాగుచేసేవారు ఒకవైపు. సనత్‌నగర్, బాలానగర్ పారిశ్రామికవాడల్లో టర్నర్లు, ఫిట్టర్లు మరోవైపు. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ సనత్‌నగర్‌లో బీరువాలు, బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు చేసింది, 1980ల్లో జపాను సీకో సహకారంతో చేతి గడియారాలూ చేసింది. 1943 నాటి ప్రాగా టూల్స్, బాలానగర్‌లో 1968లో పెట్టిన కేంద్ర పనిముట్ల రూపకల్పన సంస్థ, హెచ్ఎంటీ వంటి కర్మాగారాలు తయారుచేసిన పనివాళ్లు, వాళ్ల దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు చిన్న చిన్న షెడ్లలో లేతులు పెట్టుకున్నారు. రాణీగంజ్ హార్డ్‌వేర్ బజారు దగ్గరే. అమీర్‌పేట అనగానే కంప్యూటరు కోర్సుల బోర్డులు గుర్తొచ్చే నేటి తరానికి, దాని పక్కనే అంగుళంలో వెయ్యోవంతు కొలిచే పనివాళ్ల పేటలు ఉన్నాయని చెప్పాల్సి వస్తోంది.

గడియారం బల్ల మీద పుట్టిన యంత్రం

రీలు మరమ్మతును గడియారాలవాడి చేతికివ్వడం గతిలేక చేసే పని కాదు. చరిత్రలోనే దానికి దారి ఉంది. చేపల రీలు మనకు కనిపించే తొలి బొమ్మల్లో ఒకటి 1195 ప్రాంతంలో చైనా చిత్రకారుడు మా యువాన్ వేసినది, టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. ఇంగ్లీషులో రీలు ప్రస్తావన 1651 నాటి థామస్ బార్కర్ పుస్తకంలో ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్‌లో ఒనెసిమస్ ఉస్టన్‌సన్ పళ్లచక్రాలు పెట్టిన రీళ్లు అమ్మాడు. పిడిని ఒక్క చుట్టు తిప్పితే దారం చుట్టుకునే లోపలి స్పూలు రెండు, మూడు, నాలుగు చుట్లు తిరిగే ఈ తరహాను మల్టిప్లయరు అంటారు. ఇంగ్లండులో అవి నిలవలేదు. పళ్లు నాజూకు, బలమైన చేపకు విరిగేవి. అందుకే పందొమ్మిదో శతాబ్దమంతా అక్కడ సాదా ఇత్తడి రీలుదే రాజ్యం.

మల్టిప్లయరును నిలబెట్టింది అమెరికాలోని కెంటకీ గడియారాల పనివాళ్లు. పారిస్ అనే చిన్న ఊళ్లో జార్జ్ స్నైడర్, తరువాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో మీక్ సోదరులు, మైలమ్. వీరంతా ఒకే బల్ల మీద పొద్దున గడియారం, సాయంత్రం రీలు చేసిన తరం. మీక్, మైలమ్ రీళ్లలో ప్రతి మర తలమీదా, అది కూర్చునే రంధ్రం పక్కనా ఒకే అంకె కొట్టి ఉంటుంది. ప్రతి మరనూ దాని రంధ్రానికే సరిపోయేలా చేత్తో అరగదీశారన్నమాట. మూడో నంబరు మరను ఐదో రంధ్రంలో పెడితే పట్టదు, లేదా పట్టినట్టే పట్టి మర కొరికేస్తుంది. అంకెలు కలవని రీలు చేతికొస్తే, అంతకుముందు ఎవరో విప్పి తికమకపడ్డారని అర్థం.

ఈ బంధుత్వం ఇరవయ్యో శతాబ్దంలోనూ సాగింది. స్వీడన్‌లో అంబాసడర్ రీళ్లతో పేరు పొందిన ఏబీయూ 1921లో గడియారాల సంస్థగా మొదలైంది. ఫ్రాన్స్‌లో మిచెల్ రీళ్లు చేసిన కార్పానో అండ్ పాన్స్ ఉన్న క్లూజ్ పట్టణం గడియారపు పనికే ప్రసిద్ధి.

స్థిర స్పూలు రీలు కథ మరో దారిలో నడిచింది. 1884లో స్కాట్లండులోని పెర్త్‌లో పీటర్ మాలక్ స్పూలును పక్కకు తిప్పి దారం విసిరే రీలుకు పేటెంటు తీసుకున్నాడు. 1905లో బ్రాడ్‌ఫర్డ్ బట్టల మిల్లుల కుటుంబానికి చెందిన ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్, స్పూలు కదలకుండా దారమే దాని అంచుమీదుగా జారిపోయే రీలుకు పేటెంటు పొందాడు. మిల్లులో కండె మీదినుంచి నూలు జారే తీరే ఇది. నేటి స్పిన్నింగ్ రీళ్లన్నీ దాని సంతానమే.

పేరు ఒకరిది, పని ఇంకొకరిది

గుర్తింపులో మొదటి ఉచ్చు పేరే. లండన్, ఎడిన్‌బరో, డబ్లిన్ దుకాణాలు, తుపాకుల వ్యాపారులు, పెద్ద స్టోర్లు తమ పేరు, చిరునామా చెక్కించి రీళ్లు అమ్మేవారు. చేసేది మాత్రం బర్మింగ్‌హామ్, రెడిచ్ కర్మాగారాలు. సూదులకూ గాలపు ముళ్లకూ పేరుపడిన రెడిచ్‌లో ఆల్‌కాక్, జె.డబ్ల్యూ. యంగ్, బర్మింగ్‌హామ్‌లో రూబెన్ హీటన్ ఇలా ఇతరుల పేరుతో సరుకు చేసి ఇచ్చినవారే. ఆర్మీ అండ్ నేవీ ముద్ర ఉన్న రీలు దొరికితే ఆ సంస్థ రీళ్ల ఫ్యాక్టరీ ఎక్కడుందని వెతకడం వృథా శ్రమ. దుకాణం పేరు ఇంకో రకంగా పనికొస్తుంది. ఆ దుకాణం ఏ వీధిలో ఏ ఏళ్లలో ఉందో తెలిస్తే రీలు వయసుకు హద్దులు దొరుకుతాయి.

ఇంకో మంచి ఉదాహరణ ఇంగ్లండులోని ఆనిక్ పట్టణం. అక్కడ 1872లో విలియం హార్డీ తుపాకుల దుకాణంగా మొదలుపెట్టిన హార్డీ బ్రదర్స్, రీళ్ల లోకంలో అన్నిటికంటే పెద్ద పేరయింది. వారి దగ్గర పనిచేసిన డింగ్లీ అనే రీళ్ల పనివాడు తరువాత బయటికి వచ్చి అదే ఊళ్లో రీళ్లు చేసి, లండన్ దుకాణాలకు సరఫరా చేశాడు. బయట దుకాణం పేరు, లోపల ఒక మూల చిన్న ‘డీ’ అక్షరం. పనితనం చూస్తే హార్డీ అనిపిస్తుంది, పేరు చూస్తే కాదు. ఆ ఒక్క అక్షరం కనిపించకపోతే చిక్కు విడదు. హార్డీ రీళ్ల లోపల కూడా వాటిని బిగించిన ఫిట్టరు పొడి అక్షరాలు కొట్టి ఉండటం కద్దు. పనివాడికి రీలు లోపలైనా తన పేరు పెట్టుకునే చోటు దక్కిందని ఈ వ్యాసకర్తకు ముచ్చట.

హార్డీలో తేదీ తేల్చడానికి ‘పర్ఫెక్ట్’ రీలు పాఠ్యపుస్తకం లాంటిది. 1888లో పేటెంటు, 1891 నుంచి అమ్మకం. స్పూలు కింద బాల్ బేరింగులు పెట్టడం దీని విశేషం. మొదటివి పూర్తి ఇత్తడి, పిడి దంతం. తరువాత తేలిక మిశ్రమం, ఇవొరిన్ అనే నకిలీ దంతపు పిడి. దారం వదిలేటప్పుడు కిర్రుమనే చెక్ యంత్రాంగాన్ని ఎన్నోసార్లు మార్చారు. సేకర్తలు 1896 చెక్, 1906 చెక్, 1912 చెక్, 1917 చెక్ అని వాటిని గుర్తుపెట్టుకుంటారు. స్పూలు పైకెత్తి నాలుక, స్ప్రింగు అమరిక చూస్తే ఏ దశదో తెలుస్తుంది. హార్డీ ఏటేటా అచ్చువేసిన జాబితాలతో దాన్ని సరిపోల్చుకుంటే గుర్తింపు గట్టిపడుతుంది. ఒకటి మాత్రం గమనించాలి. పాత రీలును ఫ్యాక్టరీకే పంపి కొత్త చెక్ వేయించుకున్న యజమానులూ ఉన్నారు. లోపలి చెక్ కొత్తదైనంత మాత్రాన చట్రం కొత్తది కానక్కర్లేదు.

ఆల్‌కాక్ గుర్తు దుప్పి. వారి ‘ఏరియల్’ రీలు 1896లో హెన్రీ కాక్సన్ రూపకల్పన, సైకిలు చక్రపు పుల్లల్లాంటి సన్నని తీగలతో బిగించిన తేలిక స్పూలు. నాటింగ్‌హామ్ తరహా కలప రీళ్ల వెనుక నక్షత్రం ఆకారపు ఇత్తడి పట్టీ ఉంటుంది. మన ఎండలకు ఆ కలప కుంచించుకుని చీలుతుంది, వానాకాలంలో ఉబ్బి చట్రానికి పట్టేస్తుంది. అందుకే బాగున్న నాటింగ్‌హామ్ రీలు దక్కనులో అరుదు. అమెరికా సరుకులో ఎడ్వర్డ్, జూలియస్ వామ్ హోఫ్‌ల ఎబొనైట్, జర్మన్ సిల్వర్ సముద్రపు రీళ్లు, ఓర్విస్ 1874 నాటి రంధ్రాల రీలు, ఫ్లూగర్, షేక్స్‌పియర్, 1932లో మొదలైన పెన్ పేర్లు తెలిసి ఉంటే ప్రవాసుల పెట్టెల్లో వచ్చేవాటికి సరిపోతుంది.

అంకెలు చెప్పే వయసు

పేరు లేని రీలు మీద కూడా అంకెలు, అక్షరాలు ఉంటాయి. వాటిని చదవడం తెలియాలి. బ్రిటిష్ పేటెంటు సంఖ్యలు 1916కు ముందు ఏటా ఒకటి నుంచి మొదలయ్యేవి. అందుకని ఏడాది లేకుండా సంఖ్య ఒక్కటే ఉంటే దానితో తేలేది తక్కువ. 1916 నుంచి 1,00,001తో మొదలై వరుసగా సాగాయి. కాబట్టి ఆరంకెల పేటెంటు సంఖ్య కనిపిస్తే రీలు 1916లోదో ఆ తరువాతిదో. డిజైను రిజిస్ట్రేషనుకు 1842 నుంచి 1883 దాకా వజ్రం ఆకారపు గుర్తు వాడారు. దాని మూలల్లో అక్షరాలు రోజు, నెల, ఏడు చెబుతాయి. 1884 నుంచి ‘ఆర్‌డీ నంబరు’ పద్ధతి వచ్చింది. పేటెంటు సంఖ్యతో దీన్ని పొరబడటం కొత్తవారికి మామూలే.

వామ్ హోఫ్ రీళ్ల మీద 1885 నవంబరు 17, 1889 అక్టోబరు 8 అనే పేటెంటు తేదీలు కొట్టి ఉంటాయి. ఇవి రీలు పుట్టినరోజులు కావు. ఆ తేదీలు వేసిన రీళ్లు తరువాత చాలా ఏళ్లపాటు వచ్చాయి. పేటెంటు తేదీ చెప్పేది ఒకటే, అంతకుముందుది మాత్రం కాదని. జర్మనీ సరుకు మీద డీఆర్‌జీఎం అనే రిజిస్ట్రేషను గుర్తు ఉంటే 1891 తరువాతిది. ‘ఆక్రమిత జపాన్‌లో తయారీ’ అని ఉంటే యుద్ధానికీ 1952కూ మధ్యది. మూత మీద ప్లస్ గుర్తు తల ఉన్న మరలు కనిపిస్తే, ఆ ఫిలిప్స్ మరలు 1930ల నడుమ వచ్చినవి కాబట్టి, విక్టోరియా కాలం నాటిదనే మాటను అక్కడే పక్కన పెట్టవచ్చు. లేదా మరలు మార్చారు.

అరిగిపోయిన ముద్ర చదవాలంటే చీకటి గదిలో ఫోను టార్చిని పక్కనుంచి, దాదాపు లోహానికి ఆనించి వేయాలి. పైనుంచి వెలుగు పడితే ఏమీ కనపడదు. పక్కవాటం వెలుగులో అక్షరాల లోతు నీడగా లేస్తుంది. పల్చని కాగితం పెట్టి మెత్తని పెన్సిలుతో రుద్దితే ఇంకా బాగా పడుతుంది. ముద్ర స్పష్టంగా రావాలని దాన్ని తోమడం మాత్రం ఆ ముద్రకే ఆఖరి రోజు.

విప్పడం

చేయి వేసేముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయాలి. ఒక్కో మరను గడుల పళ్లెంలో వరుసగా పెట్టుకోవాలి, ఏ రంధ్రానిది ఆ గడిలో. ఈ ఓపిక లేనివారు రీలును అలాగే అటక మీద ఉంచడమే మంచిది.

మామూలు స్క్రూడ్రైవర్ మొన ఏటవాలుగా ఉంటుంది. తిప్పగానే పైకి జారి మర గాడి అంచులను చీల్చేస్తుంది. గాడి వెడల్పుకూ లోతుకూ సరిపోయేలా మొనను సాన పట్టుకున్న గడియారాలవాడి స్క్రూడ్రైవరే కావాలి. బిగుసుకున్న మరకు చొచ్చుకుపోయే నూనె చుక్క వేసి రాత్రంతా వదిలేయాలి. అప్పటికీ రాకపోతే సోల్డరింగ్ ఐరన్ మొనను మర తలకు ఆనించి కాస్త వేడి చేయాలి. పక్కన ఎబొనైట్ ఉంటే ఈ పని వద్దు, అది మెత్తబడి వంకరపోతుంది. కొన్ని రీళ్లలో పిడి పట్టే చోట ఎడమ మర ఉంటుంది. రావడం లేదని బలం పెట్టేముందు అటువైపు తిప్పి చూడాలి.

మర తల తెగి కాడ లోపలే ఉండిపోతే చాలామంది డ్రిల్లు పట్టుకుంటారు. ఇత్తడి మెత్తన, ఉక్కు గట్టి. డ్రిల్లు ఉక్కును వదిలి ఇత్తడిలోకి జారిపోతుంది. గడియారాలవారి దగ్గర దీనికి పాత ఉపాయం ఉంది, పటిక. ఉక్కు భాగాలన్నీ తీసేసిన ఇత్తడి పలకను పటిక నీళ్లలో వేసి, వేడి తగ్గకుండా చూస్తే విరిగిన ఉక్కు ముక్క మెల్లగా కరిగి నల్లని బూడిదలా రాలిపోతుంది. ఇత్తడికి దాదాపు ఏమీ కాదు. గంటలు పట్టవచ్చు, ఒక రోజూ పట్టవచ్చు. అల్యూమినియం రీళ్లకు ఇది పనికిరాదు.

ఇప్పుడు కొత్త మర కావాలి. నగరంలో ఎక్కువ రీళ్లు చెడేది ఇక్కడే. పాత ఇంగ్లీషు రీళ్లలో తరచు కనిపించేది బీఏ మర. 1884లో బ్రిటిష్ అసోసియేషన్ చిన్న యంత్రాల కోసం ఖాయం చేసిన ఈ కొలతలు స్విస్ గడియారపు మరల లెక్క మీద కట్టినవి. అందులో ఆరో నంబరు మర వ్యాసం 2.8 మిల్లీమీటర్లు, మరచుట్ల మధ్య దూరం 0.53. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఎం3 మర వ్యాసం 3.0, దూరం 0.5. చేతిలో పట్టుకుంటే రెండూ ఒకటిగానే ఉంటాయి. ఎం3ని ఆ రంధ్రంలో పెట్టి తిప్పితే మొదటి చుట్టు సుఖంగా పోతుంది, రెండో చుట్టుకు బిగుస్తుంది, మూడో చుట్టుకు లోపలి ఇత్తడి మరను కోసేస్తుంది. మరచుట్ల వాలు కూడా తేడానే. బీఏది నలభై ఏడున్నర డిగ్రీలు, మెట్రిక్‌ది అరవై. కాబట్టి మరచుట్ల గేజి పెట్టి కొలిచి, లేతు మీద కొత్త మర తీయించడమే సరైన దారి. బాలానగర్ టర్నరుకు ఇది పెద్ద పని కాదు. ఒక్క మర కోసం లేతు సర్దుబాటు చేయడానికి ఒప్పించడమే పెద్ద పని. నాలుగు ఒకేసారి చేయించుకుంటానంటే మెత్తబడతాడు.

పళ్లచక్రాల సంగతీ ఇంతే. ఇంగ్లీషు, అమెరికా చక్రాలు డయామెట్రల్ పిచ్ లెక్కలో, మన దగ్గరి కట్టర్లు మాడ్యూల్ లెక్కలో ఉంటాయి. 48 పిచ్ అంటే 0.529 మాడ్యూల్. దగ్గరగా ఉందని 0.5 కట్టరుతో కోస్తే చక్రం తిరుగుతుంది గానీ గరగరమంటూ జతచక్రాన్ని అరగదీస్తుంది. విరిగింది ఒక పన్నే అయితే అక్కడ చిన్న గాడి కోసి, ఇత్తడి ముక్క బిగించి, మెత్తని అతుకు వేసి, ఆకురాయితో పన్ను రూపం తీయవచ్చు. చెక్ స్ప్రింగు విరిగితే పాత గడియారపు మెయిన్ స్ప్రింగు ముక్క చాలాసార్లు సరిపోతుంది. ఉక్కు ముక్కనుంచి నాలుక కొత్తగా చేస్తే, చెర్రీ ఎరుపుకు కాల్చి నూనెలో ముంచి, మెరుగుపెట్టి, నీలిరంగు తిరిగేదాకా మళ్లీ వేడి చేయాలి. నీలం దాటి బూడిదరంగు వచ్చిందంటే మెత్తబడిపోయినట్టే.

పాత పర్ఫెక్టు రీలు విప్పేటప్పుడు కింద తెల్లగుడ్డ పరవాలి. బేరింగు గుళ్లు జారి గచ్చు మీద పడితే దొరకవు. నైలాన్ దారం చుట్టి ఉన్న పాత స్పూలు కనిపిస్తే ముందు ఆ దారం తీసేయాలి. సాగదీసి చుట్టిన నైలాన్ లోపలికి నొక్కుతూ ఉంటుంది. పట్టుదారం కోసం చేసిన కలప, ఎబొనైట్ స్పూళ్లు ఆ ఒత్తిడికి పగులుతాయి. రీలు కాలు, అంటే కర్రకు బిగించే పట్టీ, రెండు చివర్లా అరగదీసి ఉంటే అది పాత యజమాని తన కర్రకు పట్టేలా చేసుకున్న పని. విలువ తగ్గుతుంది. అయినా కొత్త కాలు వేయడంకన్నా దాన్ని అలాగే ఉంచడం మేలు. తీసేసిన అసలు భాగాలన్నీ చిన్న కవరులో రీలుతోపాటే ఉండాలి.

చింతపండు ప్రమాదం

తెలుగింట్లో ఇత్తడి వస్తువు కనిపిస్తే చేయి చింతపండు డబ్బా మీదికి పోతుంది. దసరాకు బిందెలు తోమినట్టు రీలును తోమితే అరగంటలో బంగారంలా మెరుస్తుంది, దాని విలువలో పెద్ద భాగం మోరీలోకి పోతుంది. పాత ఇంగ్లీషు ఇత్తడి రీళ్ల నల్లటి రంగు మురికి కాదు. ఎండలో మెరిసి చేపను బెదరగొట్టకుండా ఫ్యాక్టరీలోనే పట్టించిన కంచు ఛాయ. హార్డీ మిశ్రమ రీళ్ల మీది ముదురు బూడిద పూత కూడా అలాంటిదే. పులుపు అంతటితో ఆగదు. ఇత్తడిలోని జింకును లాగేసి రాగి ఎరుపును పైకి తెస్తుంది.

అంగట్లో దొరికే ఇత్తడి పాలిష్‌లలో అమోనియా ఉండేవి ఇంకా చెడ్డవి. దీనికి సాక్ష్యం భారతదేశంలోనే దొరికింది. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి బ్రిటిష్ సైన్యం గుర్రపుశాలల దగ్గర దాచిన ఇత్తడి తూటా గొట్టాలు వానాకాలంలో వాటంతటవే చీలిపోయేవి. కారణం 1921లో తేలింది. లోహాన్ని సాగదీసినప్పుడు లోపల మిగిలిన బిగువు, గుర్రపు మూత్రం నుంచి వచ్చే అమోనియా, తేమ, ఈ మూడూ కలిసిన ఫలితం. నొక్కి సాగదీసి చేసిన ఇత్తడి స్పూలుకూ అదే జబ్బు రాగలదు.

గోరువెచ్చని నీళ్లు, మెత్తని సబ్బు, పళ్లబ్రష్షు, వెంటనే ఆరబెట్టడం చాలు. చిలుము పట్టినచోట వెదురు పుల్ల మొనతో గీరాలి. పళ్లచక్రాల మధ్య గడ్డకట్టిన పాత కొవ్వును కిరోసిన్ కరిగిస్తుంది. తరువాత గడియారపు నూనె చుక్క, పళ్లకు పల్చని గ్రీజు. కొబ్బరినూనె, ఆముదం వద్దు. అవి ముసిరి జిగటవుతాయి, వాటిలోని ఆమ్లాలు రాగితో కలిసి పచ్చని మైనంలా పేరుకుంటాయి. పాత రీళ్లు విప్పినప్పుడు ఇరుసు చుట్టూ కనిపించే పచ్చని ముద్ద చాలావరకు అదే.

నకళ్లు, చట్టం

మొరాదాబాద్, రూర్కీలలో పాత తరహా దిక్సూచీలు, దుర్భిణీలు అలంకారానికి చేసి అమ్ముతారు. ఇత్తడి రీళ్లూ ఆ వరసలో కనిపిస్తాయి. అలంకార వస్తువుగా అమ్మితే తప్పు లేదు. సంతలో అది రెండుచేతులు మారేసరికి దొరల కాలం నాటిదైపోతుంది. గరుకైన పోత ఉపరితలం, గాడిలో కూడా సమానంగా పట్టిన నలుపు, తిప్పితే వదులుగా ఊగే పిడి, ఏ జాబితాలోనూ లేని గంభీరమైన పేరు ఉంటే అనుమానించాలి. నిజమైన పాత రీలు అరిగేది చేయి తగిలేచోటే: పిడి అంచు, కాలు కింది భాగం, దారం రాసుకునే స్తంభం. అరుగుదల అన్నివైపులా ఒకేలా ఉంటే అది ఆకురాయి పని.

కొనేవారికి రెండు చట్టాలు తెలిసి ఉండాలి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం కింద నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువును వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. 1925లో చేసిన రీలు కూడా ఇప్పుడు ఆ హద్దు దాటింది. విదేశీ వేలంలో అమ్ముదామనుకునేవారు పార్సిలు కట్టకముందే పురావస్తు శాఖ దగ్గర తమ వస్తువు ఆ కోవలోకి రాదన్న ధ్రువపత్రం తీసుకోవాలి. రెండోది, వన్యప్రాణి సంరక్షణ చట్టం. 1986, 1991 సవరణల తరువాత దేశంలో దంతపు వస్తువుల క్రయవిక్రయాలు నిషిద్ధం. తొలి ఇత్తడి పర్ఫెక్టుకు ఉండే గోళీకాయంత దంతపు పిడికీ ఇందులో మినహాయింపు లేదు. అది దంతమా, ఇవొరినా అన్నది భూతద్దంలో చూడాలి. దంతం అడ్డుకోతలో వంపు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వల అల్లినట్టు కనిపిస్తాయి, ఇవొరిన్‌లో ఆ వల ఉండదు. వేడి సూది గుచ్చి చూసే పాత పరీక్ష చేయకూడదు. ఆ కాలపు నకిలీ దంతాల్లో సెల్యులాయిడ్ ఉంటుంది, అది భగ్గున అంటుకుంటుంది.